పాఠం సరే, మైదానం ఏది? అమెరికా గోల్ఫ్‌లో జాతి మైనారిటీలు, శిక్షణ పథకాలు

1997 ఏప్రిల్‌లో 21 ఏళ్ల టైగర్ వుడ్స్ మాస్టర్స్ టోర్నీని 12 స్ట్రోకుల తేడాతో గెలిచాడు. ఆ ఏడాది నవంబరులోనే అమెరికా గోల్ఫ్‌ను నడిపించే ప్రధాన సంస్థలు కలిసి ‘ఫస్ట్ టీ’ అనే పిల్లల శిక్షణ పథకాన్ని ప్రకటించాయి. గోల్ఫ్ కోర్సు గేటు ఎన్నడూ దాటని ఇళ్ల పిల్లలకు ఆట నేర్పితే, ఒక తరం గడిచేసరికి ఆడేవాళ్లలో అన్ని జాతులవాళ్లూ కనిపిస్తారని అప్పటి ఆశ. తరం గడిచింది. ఇప్పుడు అమెరికాలో కోర్సుకు వెళ్లి ఆడేవాళ్లు రెండున్నర కోట్లు దాటారు. అందులో శ్వేతజాతీయులు కానివాళ్లు దాదాపు నాలుగో వంతు. దేశ జనాభాలో మాత్రం వాళ్ల వాటా 40 శాతం. ఆట నేర్పే, క్లబ్బులు నిర్వహించే వృత్తి నిపుణుల సంఘం పీజీఏ ఆఫ్ అమెరికాలో దాదాపు 30 వేల మంది సభ్యులుంటే, నల్లజాతివారు వారిలో 1 శాతం కూడా లేరు.

ఈ అంకెలనే చూపించి ఒకరు శిక్షణ ఫలించిందంటారు, ఇంకొకరు విఫలమైందంటారు. ఒకప్పుడు చట్టం మీద, నియమాల మీద సాగిన ఈ వాదం ఇప్పుడు పాఠ్యప్రణాళికలు, స్కాలర్‌షిప్పులు, భూమి, రుసుములు, ఉద్యోగాల మీదికి పాకింది. ఎవరు ఏ లక్ష్యం గురించి మాట్లాడుతున్నారో తెలియనంతగా చిక్కుపడింది. ఆ చిక్కు ఎక్కడ పడిందో చూడాలంటే వెనక్కి వెళ్లక తప్పదు.

తలుపులు మూసిన తీరు

మొదటి నుంచీ ఇది తెల్లవాళ్ల ఆటేనన్న మాట నిజం కాదు. 1896లో షినకాక్ హిల్స్‌లో జరిగిన రెండో యూఎస్ ఓపెన్‌లోనే జాన్ షిపెన్ అనే నల్లజాతి యువకుడు, ఆస్కార్ బన్ అనే షినకాక్ ఆదివాసి యువకుడు ఆడారు. వాళ్లుంటే తాము ఆడబోమని కొందరు ఆటగాళ్లు బెదిరించినా, టోర్నీ నడిపే గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ అధ్యక్షుడు థియోడోర్ హావెమేయర్ లొంగలేదు. 1899లో బంతిని నిలిపే ‘గోల్ఫ్ టీ’కి పేటెంట్ పొందిన జార్జ్ గ్రాంట్ హార్వర్డ్‌లో చదివిన నల్లజాతి దంతవైద్యుడు.

అడ్డుగోడ తర్వాత కట్టారు, అదీ రాతపూర్వకంగా. 1934 నాటి పీజీఏ నియమావళి సభ్యత్వాన్ని శ్వేతజాతీయులకే పరిమితం చేసింది. నల్లజాతి ఆటగాళ్లు అప్పటికే యునైటెడ్ గోల్ఫర్స్ అసోసియేషన్ పేరుతో సొంత టోర్నీలు పెట్టుకున్నారు. 1948లో బిల్ స్పిల్లర్, టెడ్ రోడ్స్ లాంటివాళ్లు కోర్టుకెక్కారు. చివరికి కాలిఫోర్నియా అటార్నీ జనరల్ స్టాన్లీ మాస్క్ ఒత్తిడి తేవడంతో 1961 నవంబరులో ఆ నిబంధన పోయింది. నల్లజాతి ఆటగాడు చార్లీ సిఫర్డ్‌కు పీజీఏ వృత్తి పోటీల పరంపర ‘టూర్’లో చోటు దొరికేసరికి ఆయన వయసు 39. ఆ తర్వాత కూడా 1967లో హార్ట్‌ఫర్డ్‌లో, 1969లో లాస్ ఏంజెలెస్‌లో గెలిచాడంటే, కోల్పోయిన యవ్వనంలో ఇంకెన్ని గెలిచి ఉండేవాడో ఊహించుకోవచ్చు.

సర్కారీ కోర్సుల కథ వేరు. అక్కడ పన్ను కట్టేది అందరూ, ఆడేది కొందరు. అట్లాంటాలో డాక్టర్ హామిల్టన్ హోమ్స్, ఆయన కొడుకులు వేసిన దావాలో 1955లో సుప్రీంకోర్టు నగర కోర్సులను అందరికీ తెరవాలని తేల్చింది. ఆయన మనవడు, అదే పేరున్న హామిల్టన్ హోమ్స్, 1961లో జార్జియా విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన తొలి ఇద్దరు నల్లజాతి విద్యార్థుల్లో ఒకడు. గోల్ఫ్ కోర్సు గేటు కోసం చేసిన పోరాటం, తరగతి గది గుమ్మం కోసం చేసిన పోరాటం ఒకే ఇంట్లో సాగాయి. అయితే కోర్టు తీర్పు వచ్చిన చోటల్లా గేటు తెరుచుకోలేదు. అదే ఏడాది నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో దంతవైద్యుడు జార్జ్ సిమ్‌కిన్స్, మరికొందరు గిలెస్పీ పార్క్ కోర్సులో ఆడితే అరెస్టు చేశారు. అందరికీ తెరవడానికి ఇష్టపడని నగరపాలక సంస్థ ఆ కోర్సును ఏళ్ల తరబడి మూసే ఉంచింది.

ప్రైవేటు క్లబ్బులు ఇంకా ఆలస్యంగా కదిలాయి. 1990లో పీజీఏ చాంపియన్‌షిప్ జరగాల్సిన అలబామాలోని షోల్ క్రీక్ క్లబ్ స్థాపకుడు నల్లజాతివారిని సభ్యులుగా చేర్చుకోబోమన్న అర్థంలో మాట్లాడటం, ప్రకటనదారులు వెనక్కి తగ్గడం పెద్ద దుమారమైంది. ఆ ఏడాదే మాస్టర్స్ జరిగే క్లబ్ అగస్టా నేషనల్ తొలి నల్లజాతి సభ్యుణ్ని చేర్చుకుంది. శిక్షణ పథకాల యుగం నిజానికి ఈ సిగ్గులోంచి పుట్టింది, టైగర్ విజయం దానికి ఊపునిచ్చింది.

క్యాడీ యార్డ్ అనే పాత బడి

శిక్షణ పథకాలు రాకముందు నల్లజాతి, మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లకు గోల్ఫ్ ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నారు. క్యాడీలుగా ఇతరుల బ్యాగులు మోస్తూ, క్లబ్ మూసి ఉండే సోమవారాల్లో దొరికిన పాత క్లబ్బులతో ఆడుకుంటూ ఎదిగారు. షార్లట్‌లో సిఫర్డ్, డాలస్‌లో లీ ఎల్డర్, లీ ట్రెవీనో అలా వచ్చినవాళ్లే. టెక్సస్ సరిహద్దు పట్టణం డెల్ రియోలో శాన్ ఫెలిపె హైస్కూలు కుర్రాళ్ల కథ ఇంకా గొప్పది. ఊళ్లోని క్లబ్‌లో బ్యాగులు మోయడానికి అనుమతి ఉండి, ఆడటానికి లేకపోతే, సొంతంగా నేల చదును చేసుకుని సాధన చేశారు. 1957లో రాష్ట్ర హైస్కూల్ చాంపియన్లయ్యారు. ఒక బడి, దాన్ని నమ్ముకున్న పెద్దలు, వెనక క్యాడీ పని: ఈ మూడూ కలిసిన తొలి నమూనాల్లో ఇదొకటి.

1975లో లీ ఎల్డర్ మాస్టర్స్ ఆడిన తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు. ఆ దశకంలో టూర్‌లో నల్లజాతి ఆటగాళ్లు పలువురు ఉండేవారు. తర్వాత ఆ సంఖ్య పడిపోయింది. 1985లో ఏడ్రియన్ స్టిల్స్ అర్హత పోటీల ద్వారా టూర్ కార్డు సంపాదించాక, ఆ దారిలో వచ్చిన తర్వాతి నల్లజాతి ఆటగాడు జోసెఫ్ బ్రామ్‌లెట్. అది 2010లో. టైగర్ ఆ దారిన రాలేదు, నేరుగా టోర్నీలు గెలిచి వచ్చాడు. అంటే ప్రపంచంలోనే పేరున్న నల్లజాతి ఆటగాడు శిఖరం మీద ఉన్న కాలంలో కింద మెట్లన్నీ ఖాళీగా ఉన్నాయి.

ఎందుకని? ఒక వాదం క్యాడీ వ్యవస్థ అంతరించడాన్ని చూపిస్తుంది. మోటారు కార్టులు బ్యాగులు మోసేవాళ్ల పని లాక్కున్నాయి. సొంత క్యాడీలను తెచ్చుకోవచ్చని మాస్టర్స్ 1983లో నియమం మార్చాక అగస్టా నల్లజాతి క్యాడీలు అక్కడి నుంచి మాయమయ్యారు. జీతం ఇస్తూ ఆట నేర్పిన ఏకైక బడి అలా మూతపడింది. దీనికి ఎదురు వాదమూ ఉంది: సేవకుడిగా మాత్రమే రానిచ్చిన వ్యవస్థను బడి అని పిలవడం ఆ అవమానాన్ని మరిచిపోవడమే. కాల్విన్ పీట్ ఎన్నడూ క్యాడీగా పనిచేయలేదు. 23 ఏళ్లకు ఆట మొదలుపెట్టి 12 టూర్ టోర్నీలు గెలిచాడు. రెండు మాటల్లోనూ సత్యముంది. అయితే తర్వాత వచ్చిన పథకాలను తూచడానికి క్యాడీ యార్డ్ ఒక కొలబద్దను వదిలివెళ్లింది. అక్కడ కుర్రాడు ఏళ్ల తరబడి రోజూ కోర్సు మీదే ఉండేవాడు. వారానికో గంట పాఠం దానికి ప్రత్యామ్నాయం అవుతుందా అన్నది అసలు ప్రశ్న.

గుణగణాలకు పెద్దపీట: ఫస్ట్ టీ దారి

ఫస్ట్ టీ మొదట్లో చవక కోర్సులు కట్టాలని కూడా తలపెట్టింది. క్రమంగా బరువంతా పాఠాల వైపు మొగ్గింది. నిజాయితీ, ఓర్పు, బాధ్యత, మర్యాద, వివేకం లాంటి తొమ్మిది విలువలను ఆటతో కలిపి నేర్పడం చాలా ఏళ్లు దాని పద్ధతి. గోల్ఫ్‌లో చాలాసార్లు అంపైర్ ఉండడు. తన స్కోరు, తన తప్పు ఆటగాడే చెప్పుకోవాలి. కాబట్టి గుణశిక్షణకు ఇంతకంటే తగిన ఆట లేదన్న వాదనలో బలముంది. 2004 నుంచి ప్రాథమిక పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుల ద్వారా, పిల్లలకు దెబ్బ తగలని మెత్తటి బంతులతో, ప్లాస్టిక్ క్లబ్బులతో పాఠాలు మొదలయ్యాయి. దాంతో చేరిన పిల్లల లెక్క లక్షల్లోకి వెళ్లింది.

ఈ దారిని సమర్థించేవారికి పరిశోధన తోడుంది. మనస్తత్వవేత్త మోరీన్ వైస్, ఆమె సహచరులు ఏళ్ల తరబడి ఫస్ట్ టీ పిల్లలను గమనించారు. ఇతర కార్యక్రమాల్లో ఉన్న పిల్లలతో పోల్చి చూశారు. ఇక్కడ నేర్చుకున్న జీవన నైపుణ్యాలను పిల్లలు ఇంట్లో, బడిలో కూడా వాడుతున్నారని తేల్చారు. క్రీడల ద్వారా పిల్లల వికాసం అనే రంగంలో ఇంత ఓపికగా చేసిన పని తక్కువ.

చిక్కల్లా ఆ పరిశోధన దేన్ని కొలిచిందన్న దగ్గర ఉంది. పిల్లవాడు కోపాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్చుకున్నాడా అని చూశారు. పాతికేళ్ల వయసులో వాడు గోల్ఫ్ ఆడుతున్నాడా అన్నది అందులో ప్రశ్నే కాదు. నిధులిచ్చేవాళ్లకు మాత్రం ఈ పథకాన్ని తరచూ ఆటలో వైవిధ్యం పెంచే మార్గంగానే చూపించారు. మంచి మనుషుల్ని తయారుచేసే పథకంగా ఫస్ట్ టీ విలువను కాదనలేం. గోల్ఫ్‌లోకి కొత్త జాతులవాళ్లను తెచ్చే పథకంగా దాని ఫలితాన్ని మాత్రం ఆ రుజువులతో నిరూపించలేం. ఈ రెండింటినీ వేరుచేసి మాట్లాడకపోవడం వల్లే పాతికేళ్లుగా చర్చ ముందుకు సాగలేదని నా అభిప్రాయం.

భూమి, రుసుము: నేర్చుకున్నాక ఎక్కడ ఆడాలి?

బాస్కెట్‌బాల్ నేర్చుకున్న పిల్లవాడు వీధి చివరి పార్కులో సాయంత్రం ఆడుకుంటాడు. గోల్ఫ్ నేర్చుకున్న పిల్లవాడికి కావలసింది 18 హోల్స్ ఉన్న, వంద ఎకరాలు దాటిన నేల. అక్కడికి చేర్చే కారు, నాలుగు గంటల తీరిక, ప్రతిసారీ రుసుము కూడా కావాలి. పాఠం ఉచితంగా ఇచ్చి ఆట చోటును మార్కెట్‌కు వదిలేస్తే ఆసక్తి పదమూడు పద్నాలుగేళ్లకే ఆగిపోతుందని, ఆట చోటే ముఖ్యమనే పక్షం వాదిస్తుంది. 2006 తర్వాత చాలా ఏళ్లపాటు అమెరికాలో కొత్తగా తెరిచిన కోర్సుల కంటే మూతపడినవే ఎక్కువ. వాటిలో సామాన్యులు ఆడే కోర్సులకే ఎక్కువ దెబ్బ తగిలింది.

ఈ పక్షానికి తమ ఆదర్శాలున్నాయి. ఒహాయోలోని ఈస్ట్ కాంటన్‌లో బిల్ పవెల్ రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చి, ఎక్కడా ఆడనివ్వకపోతే, పాడి పొలాన్ని తన చేతులతో కోర్సుగా మార్చాడు. నల్లజాతి వ్యక్తి రూపకల్పన చేసి, కట్టి, సొంతంగా నడిపిన తొలి కోర్సు ఆ క్లియర్‌వ్యూ. అక్కడే ఆట నేర్చిన ఆయన కూతురు రెనీ పవెల్ 1967లో మహిళల టూర్ ఎల్‌పీజీఏలో చేరింది. వాషింగ్టన్‌లో 1939లో తెరిచిన లాంగ్‌స్టన్ కోర్సు వెనక నల్లజాతి ఆటగాళ్ల పట్టుదల ఉంది. 1937లో మొదలైన వేక్ రాబిన్ మహిళల గోల్ఫ్ క్లబ్ అందులో ముందు నిలిచింది.

నేటి రూపంలో ఈ ఆలోచనకు సూటి ఉదాహరణ 2006లో ఉత్తర కాలిఫోర్నియాలో మొదలై దేశమంతా పాకిన యూత్ ఆన్ కోర్స్. పాఠ్యప్రణాళిక జోలికి పోకుండా 5 డాలర్లకో అంతకంటే తక్కువకో పిల్లల్ని కోర్సు మీద ఆడనిస్తుంది. మిగతా రుసుమును కోర్సుకు సంస్థే చెల్లిస్తుంది. దీనిపై వచ్చే విమర్శ సబబైనదే: ముందే ఆట తెలిసిన, కారు ఉన్న ఇళ్ల పిల్లలే ఇలాంటి రాయితీని ఎక్కువగా వాడుకోగలరు. చోటు లేని పాఠంతో కొత్త ఆటగాళ్లు రానట్టే, పాఠం లేని చోటుతో కొత్త ఇళ్ల పిల్లలు రారు.

డ్రైవింగ్ రేంజ్‌లు, టాప్‌గోల్ఫ్ లాంటి వినోద కేంద్రాలు, ఇండోర్ సిమ్యులేటర్లు ఈ వాదానికి కొత్త మలుపునిచ్చాయి. 2022లో కోర్సు బయట గోల్ఫ్ ఆడినవాళ్ల సంఖ్య కోర్సు మీద ఆడినవాళ్ల సంఖ్యను తొలిసారి దాటింది. అక్కడ చేరేవాళ్లలో యువత, మైనారిటీలు ఎక్కువ. వాళ్లను గోల్ఫర్లుగా లెక్కపెట్టాలా వద్దా అన్న దాన్ని బట్టి వైవిధ్యం పెరిగిందనో పెరగలేదనో అంకెలు పలుకుతాయి.

కాలేజీ దారి, అందులోని మెలికలు

బిల్ డికీ 1984లో అరిజోనాలో మైనారిటీ జూనియర్ గోల్ఫర్ల కోసం స్కాలర్‌షిప్ సంఘం పెట్టాడు. 1987లో క్లీవ్‌లాండ్‌లో మైనారిటీ కాలేజీ జట్ల జాతీయ పోటీ మొదలైంది. తర్వాత దాన్ని పీజీఏ ఆఫ్ అమెరికా చేతుల్లోకి తీసుకుంది, ఇప్పుడు అది పీజీఏ వర్క్స్ కాలేజియేట్ చాంపియన్‌షిప్. 2019లో బాస్కెట్‌బాల్ ఆటగాడు స్టెఫ్ కర్రీ నల్లజాతివారి చారిత్రక హోవర్డ్ విశ్వవిద్యాలయంలో గోల్ఫ్ జట్లకు ఆరేళ్ల నిధులు ప్రకటించాడు. ఆ ప్రకటన చేసింది లాంగ్‌స్టన్ కోర్సులోనే. 2020లో అగస్టా నేషనల్ లీ ఎల్డర్ పేరిట, అదే కోవకు చెందిన పెయిన్ కాలేజీలో స్కాలర్‌షిప్పులు పెట్టి, అక్కడ మహిళల జట్టుకు డబ్బిస్తానంది.

ఇదంతా చూడటానికి నిండుగా ఉంది. లోపల మాత్రం ఇబ్బందికరమైన విషయాలున్నాయి. నల్లజాతివారి కోసం పుట్టిన చారిత్రక కాలేజీల గోల్ఫ్ జట్లలో చాలా ఏళ్లుగా శ్వేతజాతి, విదేశీ ఆటగాళ్లు పెద్ద సంఖ్యలో కనిపిస్తున్నారు. గెలవాలని కోచ్‌కు ఉంటుంది. ఆ స్థాయిలో ఆడే నల్లజాతి జూనియర్లు తక్కువ, ఉన్నవాళ్లను పెద్ద విశ్వవిద్యాలయాలు ఎగరేసుకుపోతాయి. మైనారిటీ టోర్నీలో మైనారిటీలు కానివాళ్లు కప్పు ఎత్తితే పథకం ఓడినట్టా? కొందరు అవునంటారు. కాలేజీ ప్రాణం జాతి పరీక్ష పెట్టకపోవడంలోనే ఉందని ఇంకొందరు అంటారు. నిజమైన లోపం కాలేజీ కంటే ముందే ఉంది.

కాలేజీ కోచ్‌లు చూసేది జాతీయ జూనియర్ టోర్నీల ర్యాంకులు. ఆ టోర్నీలకు విమానం, హోటల్, ప్రవేశ రుసుము, కోచింగ్ అన్నీ కలిపి ఒక కుటుంబానికి ఏడాదికి వేల డాలర్లు అవుతాయి. అంత పెట్టి చేరినా పూర్తి స్కాలర్‌షిప్ దొరకడం అరుదు. 2025 దాకా కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లో పురుషుల జట్టు మొత్తానికి నాలుగున్నర స్కాలర్‌షిప్పులే, మహిళలకు ఆరు. పేద ఇంటి పిల్లవాడికి చివర్లో బహుమతిగా ఇచ్చే స్కాలర్‌షిప్ కంటే, పన్నెండు నుంచి పదిహేడేళ్ల మధ్య ప్రయాణ ఖర్చు భరించడమే ఎక్కువ అవసరం. అమెరికన్ జూనియర్ గోల్ఫ్ అసోసియేషన్ ఇచ్చే సహాయ నిధి, కర్రీ 2022లో మొదలుపెట్టిన అండర్‌రేటెడ్ టూర్ ఆ ఖాళీనే పూడ్చాలని చూస్తున్నాయి. అవసరంతో పోలిస్తే అవి చిన్నవి.

ఆటగాళ్లా, ఉద్యోగులా, నిర్ణేతలా?

ఆటగాళ్ల సంఖ్య మీద కాకుండా అధికారం మీద చూపు పెట్టాలనే పక్షం ఇటీవల బలపడింది. కోర్సును ఎవరు నడుపుతారు, ఎవరు పాఠం చెబుతారు, ఎవరికి ఏ సమయంలో ఆడే వీలివ్వాలో ఎవరు తేలుస్తారు అన్నవే వీళ్ల ప్రశ్నలు. 1975లో ఫెరిస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో వృత్తి గోల్ఫ్ నిర్వహణ డిగ్రీ మొదలైంది. చారిత్రక నల్లజాతి కాలేజీల్లో ఆ గుర్తింపు పొందిన మొదటిది మేరీలాండ్ ఈస్టర్న్ షోర్ విశ్వవిద్యాలయం. ఉద్యోగాల్లో వైవిధ్యం కోసం పీజీఏ వర్క్స్ ఫెలోషిప్పులు ఇస్తోంది. పచ్చిక నిర్వహణ, ఆతిథ్యం, క్లబ్ లెక్కలు, పరికరాల వ్యాపారం కలిపితే గోల్ఫ్ పెద్ద పరిశ్రమ. బాగా ఆడటం రాని పిల్లవాడికి కూడా అందులో జీవనోపాధి ఉంది.

వెస్టర్న్ గోల్ఫ్ అసోసియేషన్ 1930 నుంచి నడిపే ఎవన్స్ స్కాలర్స్ పథకాన్ని ఇక్కడే చెప్పాలి. క్యాడీలుగా పనిచేసిన, డబ్బు అవసరమున్న విద్యార్థులకు ట్యూషన్, వసతి మొత్తం ఇస్తుంది. దానికి జాతితో ముడి లేదు. క్యాడీ యార్డ్‌లోని మేలును నిలుపుకుని అవమానాన్ని తీసేయడం సాధ్యమని అది చూపిస్తుంది. పిల్లవాడు కోర్సు మీద గంటలు గడుపుతాడు, డబ్బు సంపాదిస్తాడు, పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లతో మాట్లాడతాడు, చివర్లో డిగ్రీ చేతికొస్తుంది. చూసిన పథకాలన్నిటిలో నాకు ఇదే నిలకడైనదిగా కనిపిస్తుంది. అయితే క్యాడీ వ్యవస్థ మిగిలింది ఎక్కువగా సంపన్న క్లబ్బుల్లో. నగరం నడిబొడ్డు పిల్లలకు అవి దూరం. కొందరు బాలికలకు వేసవి వసతి ఇచ్చే క్యాడీ అకాడమీ పెట్టడానికి కారణం ఆ దూరమే.

గోల్ఫ్ నుంచి పక్కకు జరిగినవాళ్లు

స్టాన్‌ఫర్డ్‌లో ఒకే జట్టులో ఆడిన ఇద్దరి నిర్ణయాలు ఈ చర్చలో ఎవరి వాదాన్నయినా ఆలోచనలో పడేస్తాయి. టైగర్ వుడ్స్ తన ఫౌండేషన్‌ను 1996లో ఊరూరా పిల్లలకు గోల్ఫ్ శిబిరాలతో మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు అవి ఒక రోజు సంబరంగా మిగులుతున్నాయని గ్రహించి దారి మార్చాడు. 2006లో ఆనహైమ్‌లో తెరిచిన ఆయన కేంద్రంలో ప్రధానంగా నేర్పేది విజ్ఞానశాస్త్రం, సాంకేతికం, గణితం. నవాహో వారసత్వం ఉన్న నోటా బెగే టూర్‌లో నాలుగుసార్లు గెలిచాడు. 2005లో మొదలైన ఆయన ఫౌండేషన్ ఆదివాసి పిల్లల ఆరోగ్యం, ఊబకాయం, మధుమేహం, శుభ్రమైన తిండీ నీరూ వైపు మళ్లింది.

గోల్ఫ్‌ను వీళ్లకంటే ప్రేమించేవాళ్లు తక్కువ. అయినా తాము సాయపడాలనుకున్న పిల్లలకు ముందు కావలసింది గోల్ఫ్ కాదని ఇద్దరూ వేర్వేరుగా ఒకే నిర్ణయానికి వచ్చారు. పిల్లలకు మేలు చేయడం, గోల్ఫ్‌కు మేలు చేయడం ఒకటేనన్న నమ్మకం మీద నిలబడ్డ పథకాలన్నీ ఈ నిర్ణయానికి జవాబు చెప్పాలి.

ఈస్ట్ లేక్: అన్నీ కలిపిన ప్రయోగం

పాఠం, భూమి, ఉద్యోగం, ఇల్లు అన్నిటినీ ఒకే చోట కలిపి చూసింది అట్లాంటాలోని ఈస్ట్ లేక్. స్థిరాస్తి వ్యాపారి టామ్ కజిన్స్ 1990లలో శిథిలమైన ఈస్ట్ లేక్ గోల్ఫ్ క్లబ్‌ను కొని బాగుచేశాడు. దాని లాభాలను పొరుగున ఉన్న పేట అభివృద్ధికి మళ్లించాడు. 2000లో అట్లాంటా తొలి చార్టర్ పాఠశాల డ్రూ అక్కడే తెరుచుకుంది. బడి పక్కనే చార్లీ యేట్స్ చిన్న కోర్సు. గోల్ఫ్ అక్కడ పాఠాల్లో భాగం. 2019లో డ్రూ హైస్కూలు జట్టు, అందరూ నల్లజాతి కుర్రాళ్లే, జార్జియా రాష్ట్ర చాంపియన్‌షిప్ గెలిచింది. నడిచి వెళ్లేంత దూరంలో కోర్సు, ఏళ్ల తరబడి వదలని కోచ్‌లు, రోజూ వెళ్లే బడి. క్యాడీ యార్డ్‌లో ఉన్న నిలకడ ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది.

దీనికీ మూల్యం ఉంది. పాత ఈస్ట్ లేక్ మెడోస్‌లో 650 ప్రభుత్వ గృహాలుండేవి. వాటిని కూల్చి కట్టిన 542 ఇళ్లలో సగమే తక్కువ ఆదాయం వారివి. పాతవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. 2020లో వచ్చిన ఈస్ట్ లేక్ మెడోస్ డాక్యుమెంటరీ వాళ్ల గొంతు వినిపించింది. నేరాలు తగ్గాయి, చదువు మెరుగైంది, కప్పు వచ్చింది అని ఒకరు లెక్క చెబితే, ఎవరి పిల్లలకు అని ఇంకొకరు అడుగుతున్నారు. ఆ ప్రశ్నను కప్పుతో కొట్టిపారేయలేం.

సగటు అంకె వెనక: ఆసియన్లు, మన తెలుగువాళ్లు

‘మైనారిటీల వాటా పెరిగింది’ అనే అంకెలో ఎవరెవరున్నారో విడదీయకపోతే శిక్షణ పథకాలకు చెందని ఘనత వాటి ఖాతాలో పడుతుంది. కాలిన్ మొరికావా, రోజ్ జాంగ్, అక్షయ్ భాటియా లాంటి ఆసియా మూలాలవారి ఎదుగుదలకు ప్రధానంగా పెట్టుబడి పెట్టింది కుటుంబాలే. హైదరాబాద్ మూలాలున్న తెలుగు ఇంట కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల పెపర్‌డైన్ విశ్వవిద్యాలయంలో ఆడి, 2020లో కాలేజీ గోల్ఫ్ ప్రధాన అవార్డులు మూడూ గెలిచాడు. 2023లో నాపాలో తొలి టూర్ టైటిల్ సాధించాడు. మనందరికీ గర్వకారణమే. అయితే ఆ దారి తల్లిదండ్రుల సమయం, చదువు మీద పట్టు, ఖర్చు భరించే స్థోమత మీద నడిచింది. దాన్ని చూపించి నల్లజాతి, ఆదివాసి పిల్లలు ఎందుకు రాలేరని అడగడం అన్యాయం. వాళ్ల తాతలను గేటు బయటే నిలబెట్టిన నియమం మన తాతలను తాకలేదు.

పీజీఏ ఆఫ్ అమెరికా 2022లో తన ప్రధాన కార్యాలయాన్ని తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ టెక్సస్‌లోని ఫ్రిస్కోకు మార్చింది. ఆ ఊరి పిల్లలు కోర్సులో కనిపిస్తే అంకె పెరుగుతుంది. పథకాలు ఎవరి కోసం పుట్టాయో వాళ్ల లెక్క దాంతో మారదు.

తేలనివి

ఒక్కో పక్షం కొలత వేరని ఇప్పటికి స్పష్టమై ఉంటుంది. ఫస్ట్ టీ వర్గం పిల్లవాడి ప్రవర్తనను చూస్తుంది, రుసుము వర్గం ఆడిన రౌండ్లను, కాలేజీ వర్గం జట్లలో చోటును, ఉద్యోగాల వర్గం జీతాల పట్టికను. ఒకరి కొలతతో ఇంకొకరి పనిని తూచినప్పుడల్లా అందరూ ఓడినట్టే కనిపిస్తారు. చిన్నప్పుడు ఒక పథకంలో చేరిన పిల్లలను పాతికేళ్ల వయసు దాకా వెంబడించి, వారిలో ఎందరు ఆడుతున్నారో, ఎందరు ఈ రంగంలో పనిచేస్తున్నారో, ఎవరు ఎప్పుడు ఎందుకు మానేశారో చెప్పే లెక్క ఉంటే సగం వాదాలు తీరిపోతాయి.

జాతి పేరుతో సాయం చేయవచ్చా అన్నది మరో చిక్కు. కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోరాదని 2023 జూన్‌లో సుప్రీంకోర్టు చెప్పాక, జాతి షరతున్న స్కాలర్‌షిప్పుల మీద కూడా దావాల భయం పట్టుకుంది. 2020లో నల్లజాతి వ్యక్తి జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు హత్య చేశాక పీజీఏ టూర్ పదేళ్లలో 10 కోట్ల డాలర్లు జాతి సమానత్వానికి ఇస్తామన్నప్పటి ఉత్సాహం ఇప్పుడు అంతటా లేదు. ఎవన్స్ స్కాలర్స్ తరహాలో ఆర్థిక అవసరం మీద ఆధారపడితే చట్టం అడ్డు రాదు. కానీ జాతి కారణంగా మూసిన తలుపును ఆదాయం అనే తాళంచెవి పూర్తిగా తెరుస్తుందా అన్న సందేహం న్యాయమైనదే.

ఫిలడెల్ఫియాలో ఈ ప్రశ్నలన్నీ ఒకేచోట పరీక్షకు నిలిచాయి. 1916 నాటి కాబ్స్ క్రీక్ సర్కారీ కోర్సు, చార్లీ సిఫర్డ్ ఆడిన చోటు, 2020లో మూతపడింది. ఒక ఫౌండేషన్ దాన్ని మళ్లీ కడుతోంది. 2025లో అక్కడ టైగర్ వుడ్స్ లెర్నింగ్ ల్యాబ్ ముందుగా తెరుచుకుంది, పెద్ద కోర్సు పని అప్పటికింకా సాగుతూనే ఉంది. కోర్సు పూర్తయ్యాక శనివారం ఉదయం ఆడే సమయాలు ఎవరికి ముందు దక్కుతాయి, వెస్ట్ ఫిలడెల్ఫియా కుర్రాడికి ఒక రౌండ్ రుసుము ఎంత, ల్యాబ్‌లో చదివే పిల్లల్లో ఎందరు పక్క గేటు దాటి ఆటకు వెళతారు: శిక్షణ పథకాల మీద వచ్చే దశాబ్దపు వాదం ఈ లెక్కల చుట్టూ తిరగాలి.